అన్నయ్య చిప్పు

భీమవరం,
మార్చి 9.

ఒరేయ్ సుకుమారూ,

నీ ఉత్తరం అందింది. కవరు నా చేతిలో పెడుతూ పోస్ట్‌మేన్ "ఎవరన్నా పోయారాండీ?" అని అడిగాడు. చేత్తో రాసిన ఉత్తరం అంటే ఈ రోజుల్లో అందరికీ అదే అనుమానం. "లేదండీ, బెంగళూరులో బతికే ఉన్నాడు" అన్నాను. పూర్తిగా నమ్మినట్టు లేదు.

మీ ఆఫీసు రహస్యాలు అవతలి కంపెనీకి పొక్కాయని మీ అందరి ఫోన్లూ మెయిళ్ళూ గాలిస్తున్నారన్నావు. ఫోన్ కంపెనీది, లాప్‌టాప్ కంపెనీది, చివరికి ఇంట్లో ఇంటర్నెట్టూ కంపెనీదే. నీ సొంతం అని చెప్పుకోడానికి చేతిరాత ఒక్కటే మిగిలిందన్నమాట. అది మన ఊరి బళ్ళో మాస్టారు బెత్తంతో దిద్దించిన రాత, అంత తేలిగ్గా ఎవరూ లాక్కోలేరులే. సరే, ఉత్తరాలే రాసుకుందాం. పదో తరగతి అయ్యాక నువ్వు విజయవాడ హాస్టల్‌కి పోయి, సాంబారులో ముక్కలు లేవని పేజీలు పేజీలు రాసేవాడివి చూడు, అలాగ.

నా కంప్యూటర్ల కొట్టు ఎప్పట్లాగే ఉంది. రోడ్డుకి అవతల సత్యప్రసాద్ కొట్టు కూడా ఎప్పట్లాగే ఉంది, అదే బాధ. అతను అవతలి కంపెనీ చిప్పులు పెట్టి మెషీన్లు కడతాడు, నేను మీ కంపెనీవి పెట్టి కడతాను. అతనొక మానిటర్ రోడ్డు వైపు తిప్పి తన మెషీన్ స్పీడుకి ఎన్ని మార్కులొచ్చాయో చూపిస్తాడు. నేనూ ఒకటి తిప్పాను. ఐస్ ఫ్యాక్టరీలకి పోయే జనం మోటార్‌సైకిల్ ఆపి, క్రికెట్ స్కోరు చూసినట్టు ఇటూ అటూ చూసి వెళ్ళిపోతారు. కొనేది మాత్రం ఎవరూ లేరు.

అసలు విషయం ఏంటంటే, మీ గణేష్‌బాబు వచ్చాడు. ఆకివీడు దగ్గర తన రొయ్యల చెరువులకి కంప్యూటర్ పెట్టిస్తాడట. నీళ్ళలో ఆక్సిజన్ తగ్గగానే ఏరేటర్లు వాటంతటవే తిరిగి నీళ్ళు చిలకాలి. మేత ట్రేల మీద కెమెరాలు పెట్టి రొయ్యలు ఎంత తింటున్నాయో చూడాలి. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు ప్రోగ్రాం రాసిచ్చారు. అన్ని కెమెరాలకి మామూలు చిప్పు చాలదన్నారు. "అన్నయ్య కంపెనీ కొత్త చిప్పే కావాలి బుల్లన్నయ్యా, ఇంకోటి వద్దు" అని మీ తమ్ముడు నా కుర్చీలోనే కూర్చున్నాడు. నేను నిలబడి బేరం చేశాను.

అది మార్కెట్లోకొచ్చి ఎన్నాళ్ళో కాలేదు కదరా. ఏరేటర్లు కాసేపు ఆగితే రొయ్యలు చచ్చి చెరువంతా తెల్లగా తేలిపోతుందని నీకు తెలుసు. మీ కంపెనీ గ్యారంటీ కాగితం ఇక్కడెవరూ చదవరు. వాళ్ళు నా మొహం చూసి కొంటారు, నేను నీ మొహం చూసి అమ్ముతాను. మంచిదేనా? ఒక్క ముక్క రాయి.

నీ
బుల్లిరాజు


బెంగళూరు,
మార్చి 24.

బుల్లీ,

మంచిదే. కళ్ళు మూసుకుని పెట్టు.

అందులో కొంత నా చేతుల మీదుగా పోయింది కూడా. నా పనేంటో నీకు ఎన్నిసార్లు చెప్పినా గుర్తుండదు. చిప్పు ఫ్యాక్టరీకి వెళ్ళకముందే దాంట్లో తప్పులు వెతకడం, వెళ్ళాక కూడా వెతకడం. ఆఫీసులో చిప్పుల్లోనూ ఇంటికొచ్చి కూరల్లోనూ అదే పని అంటుంది సత్యవాణి. పెళ్ళాం అలా అంటే మొగుడు నవ్వాలి కాబట్టి నవ్వుతాను.

నువ్వు అడిగావు కాబట్టి చెప్తున్నా. ఒకప్పుడు రెండేళ్ళకోసారి చిప్పు లోపలి భాగాలు చిన్నవయ్యేవి, వేగం దానంతటదే పెరిగేది, పేరు మాకొచ్చేది. ఇప్పుడు చిన్నవి చెయ్యడానికి చోటు దాదాపు అయిపోయింది. అవతలి వాళ్ళు చిప్పు మీద ఇంకో పొర మెమరీ ఎక్కిస్తున్నారు. మేము ఒక్క చిప్పుని ముక్కలు చేసి పక్కపక్కన అతుకుతున్నాం. ఈలోగా ఫోన్ చిప్పులు చేసేవాళ్ళు మేమూ బల్ల మీదకొస్తాం అంటున్నారు. వాటికి కరెంటు చాలా తక్కువ చాలు. ఇంకో పదేళ్ళకి బల్ల మీద కంప్యూటర్ అనేది మిగులుతుందా అని మీటింగుల్లో ఒకరినొకరు అడుక్కుంటాం. జవాబు చెప్పకుండా టీ తాగుతాం.

అయినా పరుగు ఆగదు. కొత్త చిప్పు రాగానే పరీక్ష చేసేవాళ్ళు చార్టు గీస్తారు. అందులో మా గీత వాళ్ళ గీత కన్నా వెంట్రుకవాసి పొడుగుండాలి, అంతే కావాలి మా పెద్దలకి. ఈసారి ఉంది.

గణేష్‌బాబుకి చెప్పు, అన్నయ్య పెట్టమన్నాడని.

సుకుమార్


భీమవరం,
మే 12.

ఒరేయ్ సుకుమారూ,

నువ్వు రాసింది నాకర్థమైంది. వాళ్ళు మేడ కడుతున్నారు, మీరు పెంకుటింటికి గదులు పెంచుతున్నారు, ఫోన్ల వాళ్ళు అద్దెకొస్తాం అంటున్నారు. ఇంటి ఓనరు మాత్రం ఈ ఇల్లు ఇంకెన్నాళ్ళుంటుందో తెలీదంటున్నాడు. ఇంతేగా? దీనికి అంత చదువెందుకురా.

మీ తమ్ముడి మెషీన్ పెట్టేశాం. చెరువు గట్టు మీద షెడ్డు వేసి, దానికి ఏసీ కూడా పెట్టించాడు. దేవిశ్రీ నాకు టీ ఇస్తూ "కంప్యూటర్‌కి ఏసీ అండీ అన్నయ్యగారూ, పెళ్ళానికి ఫ్యాను" అంది. గణేష్ వినపడనట్టు కెమెరాలు చూసుకుంటున్నాడు. మెషీన్‌కి పసుపు రాసి బొట్టు పెట్టాడు. అక్కడితో ఆగితే బాగుండును, కొబ్బరికాయ దాని మీదే కొట్టబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను.

గట్టు మీదకి ఎవరొచ్చినా ముందు చెరువు చూపించడు, మెషీన్ చూపిస్తాడు. "మా అన్నయ్య చేసిన చిప్పండీ ఇది." మేత అమ్మడానికొచ్చినవాడికీ అదే, దారి తప్పి వచ్చినవాడికీ అదే. పక్క చెరువు రాజేంద్ర తెలుసుగా, అతను సత్యప్రసాద్ దగ్గర కొన్నాడు, అవతలి కంపెనీది. ఇద్దరూ గట్టు మీద నిలబడి మార్కులు పోల్చుకుంటారు. మీవాడిదే పైన. ఆ ఆనందంలో మీవాడు రొయ్యల బరువు చూడ్డం మర్చిపోతున్నాడేమోనని నా భయం.

ఇంకొకటి. మీ చిప్పు పెట్టిన మెషీన్లు రెండు ఊరికే ఆగిపోతున్నాయి. ఒకటి మేత గోడౌన్‌ది, ఒకటి ఫోటో స్టూడియోది. మెమరీ మార్చాను, పవర్ సప్లై మార్చాను, కరెంటు ఆఫీసువాళ్ళని తిట్టాను. ఆ మూడో మందు ఎప్పుడూ పనిచేసేది, ఈసారి దానివల్లా కాలేదు. ఉప్పుగాలి అనుకుంటున్నాను. నీకేమన్నా తెలుసా?

నీ
బుల్లిరాజు


బెంగళూరు,
జూలై 2.

బుల్లీ,

జవాబు ఆలస్యమైంది. పని ఎక్కువగా ఉంది.

గణేష్‌బాబు మెషీన్‌కి ఒకటి చెయ్యి. ఆన్ అయ్యేటప్పుడు వచ్చే సెట్టింగుల పేజీలో వోల్టేజీ, పవర్ లిమిట్ తగ్గించు. ఎంతకి తగ్గించాలో వెనకవైపు రాశాను. వేగం ఎగదోసే టర్బో ఆపెయ్యి. మార్కులు పడిపోతాయి, పడనీ. నువ్వు కట్టిన మిగతావాటికీ అలాగే చెయ్యి.

ఎందుకో అడక్కు. నేను చెప్పానని ఎవరితోనూ అనకు, గణేష్‌తో అసలు అనకు. వాడి నోట్లో మాట ఆగదు, నాకే ఫోన్ చేసి అడుగుతాడు.

పోయిన వారం మా టీములో ఒకతను ఏదో విషయం తన బావమరిదికి చెప్పాడని తేలింది. బల్ల మీద టీ కప్పు అలా ఉండగానే సెక్యూరిటీవాళ్ళు గేటు దాకా నడిపించి తీసుకెళ్ళారు. వెనక ద్వారం ఉంది. మా అందరి మధ్యనుంచే తీసుకెళ్ళారు.

ఇక్కడ వానలు. సత్యవాణి బాగుంది.

సుకుమార్


భీమవరం,
జూలై 20.

ఒరేయ్ సుకుమారూ,

నీ ఉత్తరం చూడగానే ఆకివీడు వెళ్ళాను. గణేష్ ఊళ్ళో లేడు. నువ్వు రాసినట్టే తగ్గించి వచ్చాను. మర్నాడు నేను షట్టర్ ఎత్తేసరికి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"బుల్లన్నయ్యా, నా మెషీన్‌కి ఏం చేశావ్?"

"ఏం లేదురా, కాస్త నెమ్మది చేశాను."

"ఎందుకు?"

"మంచిదని."

"ఎవరన్నారు మంచిదని?"

నువ్వు చెప్పొద్దన్నావు. నీ పేరు గొంతు దాకా వచ్చింది, మింగాను. "నేనే అన్నాను" అన్నాను.

"నువ్వు పదో తరగతి. మా అన్నయ్య చిప్పు చేసినవాడు. ఆయన చేసినదాన్ని నువ్వు తగ్గిస్తావా? రాత్రి నేను ఊరినుంచి రాగానే రాజేంద్ర గట్టు మీద నిలబడి, ఏంటి గణేషూ, మీ అన్నయ్య చిప్పుకి ఆయాసం వచ్చిందా అన్నాడు. నేనేం చెప్పాలి వాడికి?"

"మెషీన్ రొయ్యల కోసమా, రాజేంద్ర కోసమా?"

"రొయ్యలు ఏమనుకున్నా పర్లేదు గానీ, రాజేంద్ర అనుకోకూడదు."

నవ్వాను. వాడు నవ్వలేదు. బండి మీద వెనకాల ఎక్కించుకుని మళ్ళీ ఆకివీడు తీసుకెళ్ళాడు. పక్కనే నిలబడి పెంచమన్నాడు. మన ఊళ్ళో డాక్టరు మాత్ర రాసిస్తే, దేనికండీ అని ఆయన్ని అడిగి, ఇంటికొచ్చి పక్కింటివాళ్ళని ఇంకోసారి అడుగుతాం. అలాంటివాళ్ళకి కారణం లేకుండా ఏదైనా చెయ్యమంటే చేస్తారా? నా దగ్గర కారణం లేదు. పెంచేశాను. మార్కులు మళ్ళీ పైకొచ్చాయి. వాడు అక్కడినుంచే రాజేంద్రని కేకేసి పిలిచాడు.

మిగతా మెషీన్లదీ అదే కథ. ఎందుకండీ అంటున్నారు. మంచిదండీ అంటే, ఇంత పెట్టి కొన్నది నెమ్మదిగా నడపడానికా అంటున్నారు. వాళ్ళ మాటలోనూ న్యాయం ఉంది.

ఇప్పుడు జోకు కాదు. నువ్వు ఊరికే భయపడేవాడివి కాదు. కారణం రాయి. ఒక్క లైను చాలు. రాస్తే, గణేష్ తిట్టినా కొట్టినా వెళ్ళి తగ్గిస్తాను. వాడి చెరువులు మొత్తం దాని మీదే తిరుగుతున్నాయి.

నీ
బుల్లిరాజు


బెంగళూరు,
ఆగస్టు 3.

బుల్లీ,

గాభరా పడకు. అంత పెద్ద విషయం కాదు. ముందుజాగ్రత్త, అంతే. వచ్చే నెలలో కంపెనీ ఒక అప్‌డేట్ ఇస్తుంది, అది ఎక్కించు, సరిపోతుంది. అప్పటిదాకా ఎలా ఉన్నది అలా ఉండనీ.

అవతలి వాళ్ళ కొత్త చిప్పు ఈ నెలాఖరుకి వస్తోంది. ఆఫీసులో ఎవరూ సరిగ్గా భోజనం చెయ్యట్లేదు.

కొవ్వూరులో పులసలు దిగాయా? ఈసారి గోదావరికి వరద బాగా వచ్చిందని టీవీలో చూశాను. పులుసు వండి మర్నాటిదాకా ఉంచితేనే రుచి అని మీ ఇంట్లో అనేవాళ్ళు. ఇక్కడ అదేదో చేప తెచ్చి పులస అని అమ్ముతున్నారు.

గణేష్ నిన్న ఫోన్ చేశాడు. "అన్నయ్యా, మనదే ఫస్టు" అన్నాడు. ఆ ఫోన్‌లో నేనేం మాట్లాడగలను? "అవునురా" అన్నాను.

సుకుమార్


భీమవరం,
సెప్టెంబర్ 8.

సుకుమార్,

నువ్వు వచ్చేసరికే అంతా అయిపోయింది. ఆ జనంలో నీకెవరూ సరిగ్గా చెప్పి ఉండరు. నువ్వూ ఎవరినీ అడగలేదు. చెప్పాల్సింది నేను, చెప్తున్నాను.

అంతకుముందు కొన్ని రోజులుగా ఎండ లేదు, ముసురు. ఎండ లేకపోతే నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది, ఏరేటర్లు ఆగకుండా తిరగాలి. ఆ రోజు పొద్దు పొడిచే ముందు ఆగిపోయాయి. చెరువు పక్కన కాపురం ఉండేవాళ్ళకి ఆ చప్పుడు ఉన్నంతసేపూ నిద్ర పడుతుంది, ఆగితే మెలకువ వస్తుంది. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ లేచారు. గణేష్ షెడ్డులోకెళ్ళి చూస్తే మెషీన్ బిగుసుకుపోయి ఉంది. ఆపి మళ్ళీ వేశాడు. కాసేపు నడిచి మళ్ళీ బిగుసుకుంది. దేవిశ్రీతో "నువ్వు లోపలికెళ్ళు, తడుస్తావు" అన్నాడట.

మెషీన్‌కీ మోటార్లకీ మధ్య ఒక పెట్టె పెట్టాం. మెషీన్ నుంచి కబురు రావడం ఆగిపోతే ఆ పెట్టె మోటార్లని ఆపేస్తుంది. సేఫ్టీ కోసం అని కాలేజీ పిల్లలు చెప్పారు, నేను తలూపాను. పాత చేతిస్విచ్చు ఇంక దేనికని తీసేశాం. రొయ్యలు ఊపిరాడక అంచులకి వచ్చేస్తున్నాయి. గణేష్ వానలోనే ఆ పెట్టె తెరిచి వైర్లు నేరుగా కలిపాడు.

ఏరేటర్లు తిరిగాయి. అదొక్కటీ చెయ్యగలిగాడు. లోపల దేవిశ్రీ ఆ చప్పుడు విని, హమ్మయ్య బాగైంది అనుకుని పొయ్యి మీద టీ పెట్టింది. టీ అయ్యాక గ్లాసుతో బయటికొచ్చింది.

రొయ్యలు బతికాయి.

తడి చేతులతో కరెంటు పెట్టె ముట్టుకున్నాడు, తొందరపాటు మనిషి, అంటున్నారు అందరూ. దేవిశ్రీ కూడా అదే అంటోంది. కొందరు నా మొహం వంక చూస్తున్నారు. చూడాలి కూడా. ఆ పెట్టె బిగించింది నేను, స్విచ్చు తీసింది నేను, ఆ మెషీన్ వేగం మళ్ళీ పెంచింది నేను. రోడ్డు వైపు తిప్పిన మానిటర్ తీసేశాను. సత్యప్రసాద్ అవతలినుంచి చూశాడు.

ఇప్పుడు నీ సంగతి. పెద్దకర్మ రోజున నువ్వు తమ్ముడి ఫోటో వైపు ఒక్కసారి చూడలేదు. షెడ్డులో కూర్చుని బొట్టు పెట్టిన ఆ మెషీన్ వంకే చూస్తున్నావు. వెళ్ళేటప్పుడు దాన్ని అడిగి తీసుకుని, తుండుగుడ్డ చుట్టి పట్టుకెళ్ళావు. "తమ్ముడి గుర్తు కదండీ" అంది దేవిశ్రీ. నేను అవునమ్మా అన్నాను. నాకు చిప్పు లోపల ఏముంటుందో తెలీదు గానీ, నీ మొహంలో ఏముంటుందో చిన్నప్పటినుంచీ తెలుసు.

జూలైలో అడిగిందే మళ్ళీ అడుగుతున్నాను. ఎందుకు తగ్గించమన్నావు?

బుల్లిరాజు


బెంగళూరు,
అక్టోబర్ 1.

బుల్లీ,

చెప్తాను.

ఈసారి మా గీత పొడుగవ్వడానికి వేరే దారి లేకపోయింది. వోల్టేజీ పెంచాం. కోడికి సత్తువ లేకపోతే మందు పట్టి బరిలో దింపుతారు చూడు, అలాంటిదే. ఆ రోజుకి గెలుస్తుంది. మా చిప్పు పరీక్ష రోజున గెలిచింది. కానీ ఆ వోల్టేజీకి లోపలి దారులు మెల్లగా పాడైపోతాయి. కొన్ని నెలలు బాగానే ఉంటుంది, తర్వాత ఉన్నట్టుండి బిగుసుకుంటుంది. ఒకసారి పాడైతే ఇక బాగవదు. అప్‌డేట్ ఇంకా పాడవనివాటిని కాపాడుతుంది, అంతే. సరిపోతుంది అని నీకు రాసింది అబద్ధం.

జూన్‌లో నేనే కనిపెట్టాను. రిపోర్టు రాసి పైకి పంపాను. అవతలి వాళ్ళది ఆగస్టులో వస్తోంది, ఇప్పుడు వోల్టేజీ తగ్గించమంటే చార్టులో కింద పడతాం, వాళ్ళ లాంచ్ అయ్యాక చూద్దాం అన్నారు. నేను సరేనన్నాను. నా పని తప్పులు వెతకడం కదా, వెతికాను, నా పని అయిపోయింది అనుకున్నాను. అయిపోలేదని తెలిసే నీకు ఆ జూలై ఉత్తరం రాశాను. సగం చెప్పాను. చెప్పినట్టూ ఉండాలి, నేను చెప్పినట్టూ ఉండకూడదు.

గణేష్ మెషీన్ తెచ్చి లాబ్‌లో పెట్టి చూశాను. వాడిదీ అలాగే అయింది. మిగతావాటితో పాటు దానికీ ఒక నంబర్ వేశారు. మనిషి పేరు రాయడానికి ఆ పేజీలో చోటు లేదు.

పెద్దకర్మ చేసుకుని ఆఫీసుకొచ్చేసరికి కేక్ కోస్తున్నారు. అవతలి వాళ్ళ కొత్త చిప్పు మాదాన్ని దాటలేకపోయిందట. నా చేతిలోనూ ఒక ముక్క పెట్టారు. తిన్నాను బుల్లీ.

ఒక్క లైను చాలన్న నీ ఉత్తరానికి ఆగస్టులో జవాబు రాసేటప్పుడు నా చేతిలో పెన్నుంది. ఇప్పుడు రాసిందంతా అప్పుడే రాయగలిగేవాణ్ణి. పులసల గురించి రాశాను.

వాడు అవమానం అనుకుని పెంచించుకున్నాడని నువ్వు రాసింది రోజూ చదువుతున్నాను. నాకోసం పెంచించుకున్నాడు.

దేవిశ్రీకి నువ్వు చెప్పు. నావల్ల కాదు. చదివాక ఇది చించెయ్యి.

సుకుమార్


భీమవరం,
అక్టోబర్ 9.

సుకుమార్,

అందింది. చదివాను. చించలేదు.

ఇప్పుడేం రాయలేను. రాస్తే మన మాస్టారు నేర్పని మాటలు వస్తాయి.

బుల్లిరాజు


బెంగళూరు,
అక్టోబర్ 22.

బుల్లీ,

ఆ రెండు ముక్కల తర్వాత నీ దగ్గర్నుంచి ఏమీ రాలేదు. దేవిశ్రీతో చెప్పావా? ఏమంది?

అప్‌డేట్ వచ్చింది. కొన్ని మెషీన్లలో అరుదుగా ఇబ్బంది కలగొచ్చు అని ప్రకటన ఇచ్చారు. ఆ 'అరుదుగా' అన్న మాట ఎక్కడుండాలని లాయర్లు పొద్దున్నుంచీ సాయంత్రం దాకా కూర్చున్నారు. వచ్చే సంవత్సరం చిప్పు పని మొదలైంది. మళ్ళీ అదే చార్టు, అదే గీత. నన్ను ఆ టీముకి పెద్దని చేశారు.

తిట్టు. ఏదో ఒకటి రాయి.

సుకుమార్


భీమవరం,
నవంబర్ 10.

ఒరేయ్ సుకుమారూ,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని కొన్నాళ్ళు తిరిగాను. బరువు తగ్గుతుందేమోనని చూశాను. తగ్గేలా లేదు. ఒకరోజు రోడ్డు దాటాను. సత్యప్రసాద్ కొట్టు పెట్టినప్పటినుంచీ నేను దాటని రోడ్డు అది. అతను కుర్చీలోంచి లేచాడు.

"ఏంటండీ, దారి తప్పారా?"

"లేదండీ. మీరు మా కంపెనీవి కూడా కొన్ని కట్టారు కదా?"

"అడిగినవాళ్ళకి కట్టానండి. మీరు మావి కట్టలేదేంటి?"

"కట్టాను. వాటి సంగతి తర్వాత. మావి పాడైపోతాయి." కారణం మొత్తం చెప్పాను. నీ పేరు చెప్పలేదు. అతనూ అడగలేదు. గణేష్ అన్నయ్య ఎక్కడ పనిచేస్తాడో ఊరందరికీ తెలుసు.

అంతా విన్నాడు. తర్వాత "మావాళ్ళు మాత్రం తక్కువ తిన్నారంటారా?" అని, తన మానిటర్ లోపలికి తిప్పేసి, షట్టర్ దించి, బండి తీశాడు. "ఎక్కండి."

అప్పటినుంచీ ఇద్దరం అతని బండి మీదే తిరుగుతున్నాం. చెరువులకి, రొయ్య పిల్లల్ని పెంచే హేచరీలకి, ఐస్ ఫ్యాక్టరీలకి. అతను కట్టినవీ నేను కట్టినవీ తేడా లేదు. వేగం తగ్గిస్తున్నాం. ప్రతి చెరువు మీదా చేతిస్విచ్చు పెట్టిస్తున్నాం, రబ్బరు చాప వేయిస్తున్నాం. ప్రతిచోటా ఎందుకండీ అని అడిగారు. చెప్పాం. చెప్పిన ప్రతిచోటా సరేనన్నారు. ఒక్కళ్ళు కూడా కాదనలేదు రా. రాజేంద్రది మీ చిప్పు కాదు, అయినా తనదీ తగ్గించమన్నాడు. తగ్గిస్తుంటే పక్కకి తిరిగి నిలబడ్డాడు.

మనుషులకి కావాల్సింది అంతే. నాకు జూలైలో దొరకలేదు.

దేవిశ్రీ దగ్గరికి చివర్లో వెళ్ళాను. ముందు వెళ్ళాల్సింది, ధైర్యం చాలలేదు. గట్టు మీద మేత ట్రే ఎత్తి చూసుకుంటోంది. ఇప్పుడు చెరువులు తనే చూస్తోంది. స్విచ్చు దగ్గర మనిషిని పెట్టింది. షెడ్డులో ఏసీ తీయించేసింది. అంతా చెప్పాను. పెంచింది నేనేనని కూడా చెప్పాను. ట్రే నీళ్ళలోకి దించి చేతులు తుడుచుకుంది.

"అయితే ఆయన తొందరపాటు కాదన్నమాట."

"కాదమ్మా."

"అందరూ అదే అంటే నేనూ నమ్మానండీ అన్నయ్యగారూ. నమ్మి, ఇన్నాళ్ళూ ఆయన్ని తిట్టుకుంటున్నాను. అంత తొందరేంటి, నన్ను పిలవొచ్చుగా అని."

మళ్ళీ తనే అంది.

"మీకు కారణం తెలీదు కదండీ. తెలిస్తే పెంచేవారు కాదు."

"పెంచేవాణ్ణి కాదమ్మా."

"బావగారికి ఎప్పటినుంచీ తెలుసు?"

నీకోసం ఒక అబద్ధం వెతికాను రా. నిజంగా వెతికాను. ఎన్నో చెప్పినవాణ్ణి, ఒక్కటీ దొరకలేదు. "జూన్ నుంచి" అన్నాను.

చెరువు వైపు చూస్తూ నిలబడింది. ఏరేటర్లు తిరుగుతున్నాయి. ఆ చప్పుడులో తన మాట వినడానికి నేను దగ్గరికి జరగాల్సొచ్చింది.

"ఆయన బావగారికి ఫోన్ చేశారండి, మనదే ఫస్టు అని. బావగారు అవునురా అన్నారట. ఆ రోజంతా మేతకొచ్చినవాళ్ళకి, కూలీలకి, అందరికీ అదే చెప్పారు. అన్నం తింటూ మళ్ళీ నాకు చెప్పారు. మా అన్నయ్య అవునన్నాడే అని."

తర్వాత నావైపు తిరిగింది. "మీరు బావగారికి ఉత్తరం రాస్తారు కదూ. ఇంక ఆయన్ని ఉత్తరాలు రాయొద్దనండి. నాకు ఫోన్ చెయ్యమనండి. ఆయనతో అవునురా అన్న ఫోన్‌లోంచే చేసి, ఇప్పుడు మీరు చెప్పిందంతా తన నోటితో చెప్పమనండి."

నేను నీవైపు మాట్లాడాను, నమ్ము. ఆ ఫోన్ కంపెనీదమ్మా, అందులో మాట్లాడింది వాళ్ళు వింటారమ్మా అన్నాను.

"వినాలనేనండీ" అంది.

బుల్లిరాజు